వాడుక ముద్ర

బహుళ విదియ

పొద్దున్నే కిటికీ అద్దం మీద ఉప్పు గీకాను. రెండు రోజులు వదిలేస్తే బయట ఏముందో కనపడదు. గీకాక కనపడేది కూడా ఏమంత గొప్పది కాదు. సముద్రాన్ని ఆపుతున్న గట్టు, దాని మీద కాలనీవాళ్లు ఆరేసుకున్న బట్టలు.

ఇవాళ ఆ బట్టల గొడవతోనే నా పని మొదలైంది. మూడో వరసలో తోడికోడళ్లిద్దరికీ ఒకటే తాడు. చిన్నామె తాడు దగ్గర నిలబడి గట్టిగా "బౌండరీ" అంది. గుమ్మానికి బిగించిన చెవులమ్మ పెట్టె ఎర్ర లైటు వెలిగించి, పెద్దామె ఆ తాడు దగ్గరికి రాకూడదని చెప్పింది. పెద్దామె ఊరుకుంటుందా? తనూ అదే మాట అంది. ఇప్పుడు ఇద్దరికీ తాడు లేదు. తడిబట్టలు బకెట్లో ముక్కిపోతున్నాయి.

"అసలేం జరిగిందమ్మా?" అని అడిగాను.

"ఆవిడ టాక్సిక్ అండి," అంది చిన్నామె.

"ఈవిడే నార్సిసిస్టండి. నాకు పడుకుంటే ఫ్లాష్‌బ్యాకులు వత్తన్నాయి," అంది పెద్దామె.

"ఆ మాటలు చెప్పులతో పాటు గుమ్మం బయట పెట్టి రండి. జరిగింది చెప్పండి."

అరగంట తరవాత తేలిందేమిటంటే, చిన్నామె కొత్త జాకెట్ మీద పెద్దామె ఎండుచేపల సంచి ఆరేసింది. జాకెట్ కంపు కొట్టింది. అంతే. పెద్దామె జాకెట్ ఉతికిస్తానంది, చిన్నామె ముక్కు తుడుచుకుంది. ఇద్దరి మీదా నమోదైన మాటలు కొట్టేయడానికి నాకు మరో గంట పట్టింది.

చెవులమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. సర్కారు దానికి పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగదు. పెద్ద ఉప్పెన తరవాత ఇక్కడి మనుషులు మాటా పలుకూ లేకుండా ఒక్కొక్కరే గట్టు దిగి నీళ్లలోకి వెళ్లిపోయారు. వాళ్లు ఏదో ఒకటి అని ఉంటే బతికేవాళ్లన్నది అందరి బాధ. అందుకే ఈ పెట్టెలు వచ్చాయి. ఫలానా మాట అంటే చాలు, ఇది వింటుంది, సాయం పంపుతుంది. "టాక్సిక్" అంటే గది మారుస్తుంది. "ట్రామా" అంటే నీళ్లలో దిగే పని తప్పించి పొడి డ్యూటీ వేస్తుంది. "బర్నౌట్" అంటే సెలవు ఇస్తుంది. మంచి ఉద్దేశంతో పెట్టినవే, కాదనను. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఆ మాటలు తప్ప జనం నోట మరో మాట రావడం లేదు. నిన్న ఒకాయన భార్య తనని నార్సిసిస్ట్ అందని వచ్చి, దానికి అలవెన్సు ఏమైనా ఉందా అని అడిగాడు.

ఈ దినచర్య రాయడం కౌన్సెలర్‌గా నా డ్యూటీలో భాగం. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, నాకు విసుగొచ్చేసింది.

బహుళ పంచమి

గట్టు పనుల సూపరింటెండెంట్ భైరవమూర్తి గారు స్వయంగా వచ్చారు. ఆయన ఏ రోజూ వంక పెట్టకుండా తాగని నా టీని ఇవాళ మెచ్చుకున్నారు. అప్పుడే అనుకున్నాను, ఏదో పెద్ద పనే తగిలిస్తారని.

"ఏడో తూము తలుపు సగంలో ఇరుక్కుపోయిందండి. నాచు, తెగిన వలలు, ఇసుక. అమావాస్య పోటు వచ్చేలోగా అది మూసుకోకపోతే పల్లపు వీధులన్నీ మునుగుతాయి," అన్నారు.

"మునకవాళ్లని దింపండి మరి."

"ఎవర్ని దింపమంటారు? సగానికి పైగా పొడి డ్యూటీ. ఒకడు ట్రామా అంటాడు, ఒకడు ట్రిగ్గర్ అంటాడు. అందరికీ ఒకేసారి వచ్చేసిందాండీ? మీరే ఏరి పెట్టండి హైమావతి గారూ. ఎవరిది నిజమో, ఎవరిది ఊరికే మాట వాడుకో."

ఏరడమంటే ముద్ర వేయడం, ఆ ముద్ర నా బొటనవేలే. ఆయన తెచ్చిన పలక మీద ఎడమ వైపు నొక్కితే "నిజం", కుడి వైపు నొక్కితే "వాడుక". వాడుక పడ్డవాడు నీళ్లలో దిగాలి. దిగనంటే క్వార్టరు ఖాళీ చేయాలి. ఒకసారి నొక్కాక సీజను అయ్యేదాకా మార్చడం కుదరదు. పోయినేడు కౌన్సెలర్లని బతిమాలి మార్పించుకునేవాళ్లు ఎక్కువైపోయి ఈ రూలు పెట్టారు.

"ముద్ర వేసేవాళ్ల మనసు కుదురుగా ఉండాలని కూడా ఉందండోయ్. మీకే ఏదైనా మాట నమోదైతే ఈ నెల మీరు వేసిన ముద్రలన్నీ చెల్లవు," అని నవ్వారు.

నేను గుమ్మం వైపు చూపించాను. మా ఇంటి చెవులమ్మ మీద ఎప్పుడూ తువ్వాలు ఆరేసి ఉంటుంది. ఇన్నేళ్లలో దానితో నేను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, కాలనీకంతా తెలుసు. అదొక గొప్పగా చెప్పుకుంటాను కూడా.

ఆయన వెళ్లాక పలక ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే సంతోషమేసింది. ఇన్నాళ్లకి ఈ మాటల్ని చెరిగి పొల్లు ఎగరగొట్టే చేట నా చేతికి వచ్చిందనిపించింది.

బహుళ సప్తమి

రోజంతా ముద్రలే. నా పద్ధతి ఒకటే. వచ్చినవాణ్ని ఆ మాట తీసేసి చెప్పమంటాను. చెప్పగలిగితే నిజం. చెప్పలేకపోతే వాడుక. ఏళ్ల తరబడి ఈ పద్ధతి నన్ను మోసం చేయలేదు.

మొదటివాడు "బర్నౌట్" అన్నాడు. మాట తీసేసి చెప్పమంటే తల గోక్కుని, వాళ్ల బావమరిది పెళ్లుందని చెప్పాడు. కుడి వైపు నొక్కాను. రెండోవాడు "ఓసీడీ" అన్నాడు. ఏంటయ్యా అంటే, తన గ్లాసులో వేరేవాళ్లు తాగితే చిరాకట. కుడి వైపే. ఒక పెద్దాయన మాత్రం ట్రామా అని చెప్పి, అడిగేసరికి ఉప్పెన రోజు తన కూతురు జడ చేతికి దొరికి జారిపోయిందని చెప్పాడు. ఎడమ వైపు నొక్కి, ఆయనతో పాటు కాసేపు కూర్చున్నాను. ఇలాంటివాళ్ల కోసమే కదా ఇదంతా అనుకున్నాను.

సాయంత్రం మసేను వచ్చాడు. పాతికేళ్లు కూడా నిండని మనిషి, సన్నగా ఉంటాడు. తూము లోపలి సందులో పట్టేవాళ్లలో అతనొకడు. పోయిన సీజన్లో మూడో తూములో ఏసోబు అనే మునకవాడు చనిపోయినప్పుడు లోపల ఉన్నది మసేనే. పలక మీద చూశాను. ఆ రోజే "ట్రామా" నమోదు, పొడి డ్యూటీ ఇచ్చారు, గడువు అయిపోయింది. చివర "ముగిసింది" అని ఉంది. ఇప్పుడు మళ్లీ కొత్తగా "ట్రిగ్గర్".

"చెప్పు మసేనూ."

"ట్రిగ్గర్ అవుతన్నానండి."

"ఆ మాట పక్కన పెట్టు. ఏమవుతోంది?"

అతను చేతులు చూసుకున్నాడు. "యాంగ్జైటీ అండి."

"అదీ పక్కన పెట్టు. నీళ్ల దగ్గరికి వెళ్తే ఏమవుతుంది? ఒంట్లో ఏమవుతుంది? ఏం గుర్తొస్తుంది?"

చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే వెతుక్కుంటున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. బయట ఇంకా పదిమంది ఉన్నారు, నా నడుం పట్టేసింది.

"ట్రిగ్గర్ అవుతానండి," అన్నాడు చివరికి.

కుడి వైపు నొక్కాను. అతను లేచి దండం పెట్టి వెళ్లాడు.

బహుళ ఏకాదశి

మంచినీళ్ల పడవ వచ్చింది. లైన్లో నా ముందు నూకాలు నిలబడింది. నలభై దాటిన మనిషి, మునకవాళ్లకి తాడు పట్టే పని. లోపలికి వెళ్లినవాడి ప్రాణం ఆ తాడులోనే ఉంటుంది కాబట్టి ఆమె మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. చెవులమ్మ అన్నా ఆమెకి పడదు, ఆ పెట్టె ముందు ముక్కు చీదుతుంది.

నీళ్లు పట్టుకుని కొందరు అక్కడే నాలుగు చెంబులు నెత్తిన పోసుకుంటున్నారు. మసేను తన బకెట్ దూరంగా తీసుకెళ్లి, తువ్వాలు తడిపి, పిండి, ఒళ్లు తుడుచుకున్నాడు. ముఖానికి వచ్చేసరికి కళ్లు మూసుకోలేదు. తడిబట్ట నుదుటికి ఆనించి, ఠక్కున తీసేసి, ఊపిరి పీల్చాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ తీశాడు. పక్కవాడి చెంబులో నీళ్లు చిమ్మి అతని చెంప మీద పడ్డాయి. రెండు చేతులతో గట్టు రాయి పట్టేసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని నూకాల్ని అడిగాను.

"ఏసోబు పోయిన కాడ్నుంచీ అండి. తలంటు లేదు. ఇంట్లో పడుకోడు, పైన డాబా మీదే. వానొత్తే మాత్రం లోనకి పరిగెత్తుతాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆడే చెప్పాడు కదండి మీకు? చెప్పేసొచ్చానన్నాడు. మేడంగారు వాడుకన్నారన్నాడు." బిందె చంకనెత్తుకుంది. "ఆడు ఉప్పెనేడు పుట్టినోడండి. అమ్మా అయ్యా లేరు, ఆ పెట్టె కింద పెరిగాడు. ఆడికి ఇంకే మాటలొత్తాయండి?"

ఆమె ఈసడించుకుంటూ అనలేదు. అడిగినదానికి చెప్పింది, అంతే. నా నీళ్ల వంతు వచ్చినా నేను కదల్లేదు, వెనకవాళ్లు తిట్టారు.

ఏసోబు పోయిన రోజు మసేను ఇంటికి వచ్చి చెవులమ్మకి ఒక మాట చెప్పాడు. అది ధన్యవాదాలు చెప్పి నమోదు చేసుకుంది. ఆ తరవాత అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పేశాడు కదా అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

బహుళ ద్వాదశి

భైరవమూర్తి గారి దగ్గరికి వెళ్లాను. మసేను ముద్ర తప్పుగా పడిందని చెప్పాను.

"మీరే కదండీ నొక్కింది," అన్నారు ఆయన, కోపంగా కాదు. ఆయన కళ్ల కింద కూడా నల్లగా ఉంది. "ఒకటి మారిస్తే రేపు అందరూ మీ గుమ్మం ముందే ఉంటారు. పోనీ మార్చే వీలుందా అంటే పలకే ఒప్పుకోదు. ఏడో తూములో పట్టేవాళ్లు ముగ్గురే, అందులో ఇద్దరు మంచం మీద ఉన్నారు, వాళ్లది నిజం జ్వరం. నేనేం చేయను చెప్పండి?"

"లోపల అతను బిగుసుకుపోతే?"

"అమావాస్య పోటు వస్తే నాలుగు వీధులు, హైమావతి గారూ. వాటిలో మీ ఇల్లూ ఉంది."

అక్కణ్నుంచి మసేను దగ్గరికి వెళ్లాను. డాబా మీద తాడు పురి చూసుకుంటున్నాడు.

"దిగనని చెప్పు. క్వార్టరు పోతే పోయింది, మా ఇంట్లో ఉందువుగాని."

అతను నన్ను జాలిగా చూశాడు. నేనేదో కంగారు పడుతున్నానని, నన్ను ఓదార్చాలని అనుకున్నట్టున్నాడు.

"పర్లేదండి. మీరు చూసి వాడుకన్నారు కదండి. అయితే నాకేం లేదేమోనండి. నేనే ఊరికే అనుకుంటన్నానేమో. దిగితే సర్దుకుంటాదండి."

"నేను పొరపాటు పడ్డాను మసేనూ."

"మీరెందుకు పడతారండి," అని తాడు చుట్టేశాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా మనుషుల్ని వింటున్నానని అనుకుంటున్నాను. ఆ మాట చెవిన పడగానే వినడం మానేస్తున్నానని ఇవాళ తెలిసింది. చెవులమ్మకి మాట వింటే లైటు వెలుగుతుంది, నాకు మాట వింటే లైటు ఆరిపోతుంది. తేడా అంతే.

బహుళ చతుర్దశి

రేపు తెల్లారి పాటుకి నీళ్లు వెనక్కి తియ్యగానే దింపుతారు. తాడు నూకాలే పడుతుంది. తాడు పట్టనని చెప్పమని ఆమెని అడిగాను. తను కాకపోతే ఇంకొకడు పడతాడని, ఆ ఇంకొకడికి మసేను లోపల్నుంచి తాడు లాగి చేసే సైగ తెలీదని అంది. ఆమె మాటా నిజమే.

మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు తోముతుంటే భైరవమూర్తి గారు నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది. చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గరికి వెళ్లాను. చెవులమ్మ మీద తువ్వాలు తీశాను. కింద పెట్టె కొత్తదానిలా మెరుస్తోంది, మచ్చ కూడా లేదు.

నా లెక్క తేలిగ్గానే ఉంది. ఒక అబద్ధం ఆడతాను. ఆ మాటల్లో ఒకటి అంటాను. ఈ నెల ముద్రలన్నీ పోతాయి, మసేనుతో పాటు పెళ్లికెళ్లేవాడూ గ్లాసువాడూ కూడా ఒడ్డున పడతారు. పడనీ. నా ఉద్యోగం సంగతి తరవాత. ఏడో తూము సంగతి కూడా ఆలోచించాను. నీళ్లొస్తాయి. మోకాళ్ల దాకా వస్తాయి, సామాన్లు పోతాయి, జనం నన్ను తిడతారు. ఎవరూ చావరు. రేపు తూములోకి దిగితే ఒకడు చస్తాడు.

"బర్నౌట్," అన్నాను.

ఎర్ర లైటు వెలిగింది. మెత్తటి ఆడగొంతు. "ధన్యవాదాలు హైమావతి గారూ. ఏం జరుగుతోందో మీ మాటల్లో చెప్పగలరా? వద్దనుకుంటే 'దాటవేయి' అనండి."

ఈ ప్రశ్న ఇందులో ఉందని కూడా నాకు తెలీదు. ఎవరూ దీనికి జవాబు చెప్పరు కాబట్టి ఎవరూ నాకు చెప్పలేదు. నవ్వొచ్చింది. నాకు మాటలకేం తక్కువ? ఎందరి చేతో మాట తీసేయించి చెప్పించేదాన్ని. ఒక అబద్ధం అల్లలేనా అనుకుని నోరు తెరిచాను.

"పొద్దున లేవగానే," అన్నాను. ఆగాను.

"ఎవరైనా గుమ్మంలోకి వస్తుంటే," అన్నాను. మళ్లీ ఆగాను. వెతికాను. లోపల ఏదో ఉంది, పెద్దదే ఉంది, చేతికి తగులుతోంది. దానికి పేరు మాత్రం దొరకడం లేదు. పెట్టె ఓపిగ్గా ఎదురుచూస్తోంది. నేను మసేనుకి ఇచ్చినదానికంటే ఎక్కువసేపే ఎదురుచూసింది.

"బర్నౌట్ అయ్యానండి," అన్నాను.

పెట్టెని అండీ అని ఎందుకన్నానో తెలీదు. అది అబద్ధం కాదని మాత్రం ఆ నిమిషంలో తెలిసింది. గుమ్మానికి జారబడి కూర్చుని ఏడ్చాను. తువ్వాలు చేతిలోనే ఉంది, దాంతోనే ముఖం తుడుచుకున్నాను.

"దాటవేయి," అన్నాను. ఆకుపచ్చ లైటు వెలిగింది.

అమావాస్య

నీళ్లొచ్చాయి. మా వీధిలో మోకాళ్ల పైకి, చివరి వరసలో నడుం దాకా. ముందే చెప్పారు కాబట్టి అందరూ డాబాలెక్కారు. బియ్యం డబ్బాలు కొన్ని కొట్టుకుపోయాయి. నా పుస్తకాలు తడిసి ఉబ్బాయి. ఎవరికీ ఏం కాలేదు.

నా డాబా కిందుగా పోతున్నవాళ్లు వినిపించేలాగే తిట్టుకుంటూ పోయారు. "అందర్నీ వాడుకన్నావిడకి ఇప్పుడు తనకే వచ్చిందంట" అని ఒకాయన. అన్నాయన తప్పేం లేదు. భైరవమూర్తి గారు పడవలో వచ్చి, సెలవు కాగితం నా చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లారు. దక్షిణ గట్టు నుంచి తవ్వే యంత్రం వస్తోందట, అదేదో ముందే అడిగి ఉండాల్సిందని ఎవరితోనో అంటున్నారు.

ఎదురు డాబా మీద తోడికోడళ్లిద్దరూ ఒకే తాడుకి రెండిళ్ల బట్టలూ ఆరేశారు. వేరే తాడు లేదు మరి.

శుద్ధ తదియ

నీళ్లు తీశాయి. ఇల్లంతా బురద. కడిగినంత కడిగి, తడవని మూల మంచం వాల్చుకుని గోరుచిక్కుళ్లు విరుస్తున్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సీజను చివర్న చెబుతారట. ఉంటే ఆ కుర్చీలో మళ్లీ కూర్చోగలనా అన్నది నాకే తెలీదు. గిన్నెలూ చాపలూ ఎండకి పెట్టాలి, లేవబుద్ధి కాలేదు.

మసేను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు. ఆ మాటలు కూడా బయట పెట్టి రమ్మంటానేమోనని కాబోలు, లోపలికి రాలేదు.

"ట్రిగ్గర్ అవుతన్నానండి," అన్నాడు.

"అవునా," అన్నాను. "రా, కూర్చో. నాకూ బాగాలేదు."

వచ్చి మంచం చివర కూర్చున్నాడు. ఏమవుతోందని అడగలేదు. అడగడానికి నాకు ఓపిక లేదు, అదే మంచిదైంది. సగం గోరుచిక్కుళ్లు అతని వైపు తోశాను. అతను ఈనె లాగి, చిన్నగా విరిచి, గిన్నెలో వేయడం మొదలుపెట్టాడు. పని తెలిసినవాడే. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. బయట ఎవరో చాప దులుపుతున్నారు.

"ఏసోబన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడండి," అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

నేను విరుస్తున్నది ఆపలేదు.

"గట్టిగా పట్టుకున్నాడండి. వదల్లేదు. చివర్దాకా వదల్లేదండి." ఒక కాయ తీసుకుని రెండు వేళ్ల మధ్య తిప్పాడు. "నాకు గాలి అయిపోతందండి. అప్పుడు నేనే ఒక్కో వేలూ విప్పుకున్నానండి."

చేతిలో కాయ విరవకుండా అలాగే గిన్నెలో పెట్టాడు. నేను గిన్నె పక్కకి జరిపి అతని దగ్గరికి జరిగాను. అతను కళ్లు మూసుకున్నాడు. నేను చూస్తుండగా మొదటిసారి.

గుమ్మం పక్కన చెవులమ్మ ఉంది. దాని మీద ఇప్పుడు తువ్వాలు లేదు. అతను చెప్పిందంతా అది విన్నది. అందులో దానికి తెలిసిన మాట ఒక్కటీ లేదు కాబట్టి లైటు వెలగలేదు.